మూడు పాళ్ల బస్తా

నేను ఒక గోనెసంచిని. ఈ మాట వినగానే మీలో సగంమంది, గుమ్మం ముందు పడి వచ్చేపోయేవాళ్ల కాళ్లు తుడిచే మా చెల్లెళ్లను తలుచుకుని ఉంటారు. తలుచుకోండి, నాకేమీ చిన్నతనం లేదు. కోటగోడల మీద, బురుజుల మీద మీరు లావుపాటి పుస్తకాలు రాసుకున్నారు. ఊరికి అడ్డంగా నిలబడిన సంచి మీద మాత్రం ఎవరూ ఒక్క ముక్క రాయలేదు. అందుకని నా డబ్బా నేనే కొట్టుకుంటున్నాను. ఆ విద్య మీ దగ్గర నేర్చుకున్నదే.

విజయనగరం వైపు ఎర్రనేలల్లో ఒక గోగుచేలో నేను మొక్కగా మొలిచాను. పూత దశలో నన్ను కోసి, కట్టలు కట్టి, కుంటనీళ్లలో పదిహేను రోజులు నానేశారు. ఆ కంపు గురించి చెప్పకుండా ఉండటమే మర్యాద. తరవాత నార ఒలిచి, ఎండబెట్టి, మిల్లుకు తోలారు. అక్కడి మరలు నన్ను దువ్వి, పేని, నేసి, నడుము మీద నీలం చార వేసి, చివరికి పైడమ్మ అనే మనిషి చేతిలో పెట్టాయి. ఆవిడ పని సంచుల అంచులు కుట్టడం. పక్క మిషను మీద కొత్తగా చేరిన పిల్ల ఒకతె, "ఇంత దగ్గిర దగ్గిరగా కుట్టాలేటి పిన్నీ, ఎవలు సూస్తారు?" అని విసుక్కుంది. పైడమ్మ తలెత్తకుండానే, "ఒక్క కుట్టు ఊడితే పక్కది ఊరుకుంతాదేటే? దాని ఎనకాలే అన్నీ పోతాయి" అంది. అప్పుడు నాకు ఆ మాట పట్టలేదు. పుట్టిన రోజున చెప్పిన నీతి ఎవరికి పడుతుంది?

ఆ తరవాత రెండేళ్లు నా బతుకంతా బియ్యం. గోదావరి జిల్లాలో ఒక రైసుమిల్లులో హమాలీలు నన్ను నింపేవాళ్లు. మీ మనుషులకు నిండుదనం మీద ఎంత మోజో నాకు అక్కడే తెలిసింది. సంచి మెడ దాకా బియ్యం పోసి, మోకాలితో రెండు గుద్దులు గుద్ది, కిందకి దిగిన జాగాలో ఇంకో దోసెడు పోసి, దబ్బనంతో మూతి బిర్రుగా కుట్టేవాళ్లు. బస్తా మీద చెయ్యి వేస్తే డోలులా మోగాలి. కొంచెం వదులుగా ఉంటే చాలు, మేస్త్రీ మొహం చిట్లించి "వెలితి బస్తా" అనేవాడు. ఆ చుట్టుపక్కల ఊళ్లలో ఆ మాట దాదాపు తిట్టు. కళ్లంలో వెలితి బస్తా మిగిలితే ఆ ఏడు ఇంటికి అచ్చిరాదంటారు. పెళ్లివారికి వెలితి బస్తా పంపితే మూడు తరాలు చెప్పుకుంటారు. నేనూ ఆ నమ్మకంలోనే పెరిగాను. నిండుగా, బిగువుగా ఉండటమే సంచికి పరువు అనుకున్నాను.

రేషను డిపోలో చివరిసారి ఖాళీ అయ్యాక నన్ను మంగతాయారు తీసుకుంది. నేరేళ్లపాలెంలో ఉపాధి హామీ పనులకు ఆవిడ మేటు. అంటే నలభైమంది ఆడవాళ్లను వెంటేసుకుని కాలువల పూడిక తీయించే మనిషి. ఆవిడ గొంతు విప్పితే గట్టుకు అవతల మేసే గేదె కూడా తలెత్తి చూస్తుంది. నాకు ఎలుక కొరికిన కన్నం ఒకటుంటే, తన పాత చీర చింపి వంకాయరంగు మాసిక వేసింది. మొగుడు సత్తిబాబు ట్రాక్టరు తోలతాడు. ఇంట్లో మూడో మనిషి మామగారు వీరన్న. నన్ను ఆయన కోసమే కుట్టింది.

వానొస్తే పల్లెటూళ్లో గోనెసంచి ఏమవుతుందో మీలో కొందరికైనా తెలుసు. అడుగు మూలను ఒకదాన్ని రెండో మూలలోకి తోస్తే ముసుగు తయారవుతుంది. దాన్ని నెత్తిన వేసుకుంటే వీపు కింద దాకా కప్పుతుంది. గొడుగులాగా గాలికి తిరగబడదు, మనిషి చేతులు రెండూ పనికి ఖాళీగా ఉంటాయి. బియ్యానికి కాపలా ఉండటం అయ్యాక నాకు దొరికిన రెండో కొలువు అది, ఒక ముసలాయన నెత్తికి కాపలా.

ఈ వీరన్న ఒకప్పుడు లస్కరు. కాలువలనూ ఏటిగట్టునూ కనిపెట్టుకుని తిరిగే ఇరిగేషను ఉద్యోగి. పని మానేసి ఏళ్లు గడిచినా ఆయన కాళ్లు మానలేదు. పొద్దున్నే చేతికర్ర పట్టుకుని ఏటిగట్టు ఎక్కేవాడు. రెండు మైళ్లు అటు, రెండు మైళ్లు ఇటు. ఎలుక బొరియ కనిపిస్తే కర్ర దూర్చి లోతు చూసి, మట్టి కూరి, మడమతో తొక్కేవాడు. తొక్కుతూ, "కూకో, కూకోమ్మా" అని మట్టిని బతిమాలేవాడు. జీతం లేదు, అడిగేవాడు లేడు. ఎవరైనా ఎదురుపడితే తల దించుకుని పక్కకు తప్పుకునేవాడు.

ఏటిగట్టంటే తెలియనివాళ్ల కోసం చెబుతాను. వరదొస్తే గోదారి ఆ ఊరి ఇళ్ల చూరుకన్నా ఎత్తున పారుతుంది. నదికీ ఊరికీ మధ్యన ఉన్నది ఒక్క మట్టికట్ట. అందుకే కాబోలు, ఆ ఊళ్లో గట్టు లేకుండా మాట సాగదు. పరీక్ష పాసైతే గట్టెక్కాడంటారు. జ్వరం తగ్గితే గట్టెక్కాడంటారు. ఇల్లు నిలబెట్టిన మనిషిని "ఆ ఇంటికి ఆవిడే గట్టు" అంటారు. మాటల్లో అంత గౌరవం ఇచ్చినవాళ్లే, అసలు గట్టు మీద గేదెల్ని తోలతారు, పెరట్లో అరుగు వేసుకోవడానికి దాని నడుంలోంచే నాలుగు తట్టల మట్టి తవ్వుకుపోతారు, చెత్త బండి ఖాళీ చేస్తారు. కాపాడేదాన్ని కాపాడాలన్న ఆలోచన మనిషికి వరద కనిపిస్తే తప్ప రాదు. ఆ ఊళ్లో ఆ ఆలోచన రోజూ చేసేవాడు ఒక్కడే, అతన్నే ఊరు వెక్కిరించేది.

కారణం ముప్పై రెండేళ్ల కిందటిది. అప్పుడు వచ్చిన వరదకు గట్టు తెగింది. మనుషులైతే గట్టెక్కారు గానీ, పదిహేడు ఇళ్లు, నలభై పశువులు పోయాయి. చేలల్లో ఇసుక మేటలు వేసి మూడేళ్లు పంట లేదు. గండి పడిన చోట కాపలా ఉన్నవాడు వీరన్న. "నిద్రపోయాడు" అంది ఊరు. "కంచే చేను మేసింది" అంది. విచారణ జరిగి తప్పేమీ తేలక ఉద్యోగం ఉంది గానీ, పేరు మాత్రం పోయింది. ముప్పై రెండేళ్లు కుళాయి దగ్గర ఆ ఇంటి ఆడవాళ్లు బిందె పెట్టగానే ఎవరో ఒకరు, "ఏమ్మా, మీ వీరన్న నిద్దర లేచాడా?" అనేవాళ్లు. ఆయన భార్య ఆ మాట వింటూనే పోయింది. మంగతాయారు కాపురానికి వచ్చాక ఆవిడ వంతు వచ్చింది. ముఖ్యంగా ఎదురింటి అచ్చియ్యమ్మ, మంచిదే, కానీ ఆ ఒక్క ముక్క అనకుండా నీళ్లు పట్టుకోలేదు.

నేను ఆయన నెత్తిన ఉండేదాన్ని గనక ఊరికి తెలియనిది నాకు తెలుసు. వానలో ఒంటరిగా నడిచేటప్పుడు ఆయన తనలో తాను మాట్లాడుకునేవాడు. "నిద్దరపోతే ఎంత బావుణ్ణు" అనేవాడు. ఆరోజు ఆయన కునుకు కూడా తీయలేదు. గట్టు వెనక, ఊరి వైపు నేలలో ఊట పుట్టింది. ఊరి పెద్దరైతు, ఆయన్ని అందరూ పెదకాపు అనేవారు, తన కళ్లం నుంచి సంచులు తెప్పించి, కూలీల చేత ఇసుక నింపించాడు. వడ్లు నింపినట్టే నింపారు, మెడ దాకా, మూతి కుట్టి. అలా నింపితే సంచులు ఒకదానిలో ఒకటి ఇమడవని, గుండ్రాళ్లలా దొర్లుతాయని, సందుల్లోంచి నీరు తన్నుకొస్తుందని వీరన్నకు తెలుసు. నాలుగు పాళ్లలో మూడే నింపాలని ట్రెయినింగులో నేర్పారు. చెబుదామని నోరు తెరిచాడట. అంత పెద్దమనిషి నిండు మనసుతో నిండు బస్తాలు ఇస్తుంటే, ఒక మామూలు లస్కరు వెళ్లి "కొంచెం తగ్గించండి, వెలితిగా పొయ్యండి" అని ఎలా అంటాడు? నోరు మూసుకున్నాడు. సాయంత్రానికి గట్టు పోయింది.

నిద్రపోయాడన్న నింద ఆయనకు బరువు కాదు. మెలకువగా ఉండి చెప్పలేదన్నదే బరువు. అది ఎవరికీ చెప్పలేక, రోజూ ఎలుక బొరియలకు మట్టి కూరుతున్నాడు. ఆ సంగతి విన్న రోజు నా నారంతా బరువెక్కింది. వాన తడికి అనుకోండి, మీ ఇష్టం.

ఇక నేను ఆయన నెత్తికెక్కిన ఎనిమిదో ఏడు శ్రావణం. ఎగువన ఎక్కడెక్కడి వానలో కలిసి వచ్చాయి. మూడో నంబరు ప్రమాద హెచ్చరిక ఎగరేశారని తెల్లవారేసరికి ఊరంతా తెలిసింది. పిల్లల్నీ ముసలివాళ్లనీ హైస్కూలుకు తరలిస్తున్నారు. మంగతాయారు మామగారికి పంచెలు, మందులు మూట కట్టి గుమ్మంలో పెట్టింది.

"మావయ్యా, ట్రాక్టరెక్కు. అందరూ ఎల్తున్నారు."

"నువ్వెల్లమ్మా. నేనోసారి గట్టు సూసొత్తాను."

"ఇప్పుడు నువ్వు సూత్తే ఆగిపోద్దా గోదారి?"

వీరన్న అప్పటికే లేచాడు. కొక్కెం మీదున్న నన్ను తీసి నెత్తిన వేసుకుని బయలుదేరాడు. ఆవిడ మూట లోపలికి విసిరేసి, పార భుజాన వేసుకుని వెనకే వచ్చింది.

గట్టు మీదకి ఎక్కేసరికి నాకు గోదారి కనిపించింది. అంతకుముందు ఎన్నోసార్లు చూశాను, ఇసుకతిన్నెల మధ్య సన్నగా పారుతూ, మేకలు దాటేంత నీళ్లతో. ఇప్పుడు అవతలి ఒడ్డు లేదు. ఎర్రటి నీరు గట్టు అంచుకు మూరెడు కిందుగా, చప్పుడు చెయ్యకుండా పోతోంది. చెట్లు వేళ్లతో సహా పోతున్నాయి. నాకు భయమేసింది. వీరన్న మాత్రం నది వైపు చూడలేదు. ఊరి వైపు, గట్టు అడుగున చూస్తూ నడిచాడు. పశువుల ఆసుపత్రి వెనక గోడ దగ్గర ఆగిపోయాడు.

నేలలోంచి నీళ్లు ఉబుకుతున్నాయి. అన్నం తినే కంచమంత వెడల్పు. నీరు బురదరంగులో ఉంది, గట్టు కడుపులోని మట్టి దాంతోపాటే వచ్చేస్తోంది.

అప్పటికే అక్కడ జనం చేరారు. ప్రెసిడెంటు భాస్కర్రావు నిలబడి పురమాయిస్తున్నాడు. ఆయన ఆనాటి పెదకాపుగారి కొడుకు. ఇంజనీరుగారు పది కిలోమీటర్ల దిగువన ఇంకో ఊటతో కుస్తీ పడుతున్నారు. ఫోనులో "దాని చుట్టూ బస్తాలతో బావిలాగా కట్టండి" అన్నంతవరకు వినిపించి మాట తెగిపోయింది. సత్తిబాబు ట్రాక్టరుతో ఇసుక తెచ్చి పోశాడు. ఇరవైమంది మగవాళ్లు పారలు పట్టారు. సంచులు నిండుతున్నాయి, మూతులు బిగుస్తున్నాయి, చుట్టూ పేరుస్తున్నారు. అందరి మొహాల్లో భయం ఉంది గానీ, చేతుల్లో మాత్రం పండిన రైతు దర్జా. సంచిని నేలకేసి కొట్టి, ఇసుక దిగితే ఇంకో పార వేసి, మోకాలితో గుద్ది మరీ నింపుతున్నారు. ఆ చేతులకు తెలిసిన విద్య అదొక్కటే, పాపం.

మోకాలెత్తు గోడ లేచింది. లోపల నీరు పెరిగింది. పెరిగిన నీరు బస్తాల సందుల్లోంచి నాలుగువైపులా చిమ్మింది. ఒక బస్తా దొర్లి పక్కదాన్ని తోసింది, అది ఇంకోదాన్ని తోసింది. ఒక్క కుట్టు ఊడితే పక్కది ఊరుకుంటుందా అన్న పైడమ్మ మాట నాకప్పుడు పట్టింది. నిండుకుండ తొణకదని మీకు సామెత ఉంది. నిండు బస్తా కుదురుగా కూర్చోదని మాత్రం ఎవరూ సామెత కట్టలేదు.

"ఇంకా తెండ్రా, ఇంకా గట్టిగా నింపండి!" అని అరిచాడు భాస్కర్రావు.

వీరన్న దొర్లిన బస్తా దగ్గరికి వెళ్లాడు. నోరు తెరిచాడు, మూశాడు. ముప్పై రెండేళ్ల కిందట కూడా ఇలాగే తెరిచి మూశాడేమోననిపించింది. నాకే గొంతుంటే నేనే చెప్పేద్దును. ఊట కంచం నుంచి బానమూతంత అయింది. గట్టు వైపు ఒకచోట మట్టి కిందకి జారింది.

"నింపకండయ్యా!"

ఆ గొంతు ఎవరిదో ముందు ఎవరికీ అర్థం కాలేదు. ఆ మనిషి గట్టిగా మాట్లాడగా విన్నవాళ్లు ఊళ్లో తక్కువ.

"అంత నింపకండి. మూడు పాళ్లు సాలు. మూతి కట్టకండి, మడిసి కిందకెట్టండి."

ఒకాయన పార ఆపి నవ్వాడు. "ఇదుగో, వీరన్న నిద్దర లేచాడ్రోయ్!"

కొందరు నవ్వారు. అలవాటు నవ్వు. మంగతాయారు ఆ నవ్విన మనిషి వైపు ఒక్క అడుగు వేసింది గానీ, వీరన్న చెయ్యి అడ్డం పెట్టి ఆపాడు.

"నేను ఆరోజు నిద్దరపోలేదయ్యా" అన్నాడు. "మెలకుగానే ఉన్నాను. ఇదిగో, ఇలాగే ఊట. ఇలాగే నిండు బత్తాలు. అలా నింపకూడదని నాకు తెలుసు. సెప్పలేదు. పెద్దాయన ముందు వెలితి బత్తా అనడానికి నాకు నోరు రాలేదు. అందుకు పోయింది గట్టు. నిద్దరకి కాదు."

భాస్కర్రావు మొహం ఎర్రబడింది. "అంటే మా నాన్న వల్ల పోయిందంటావా?"

"కాదు బాబూ. మీ నాన్నగారు తన మర్యాద కొద్దీ నిండుగా ఇచ్చారు. ఆయనకి తెలీదు. తెలిసినోణ్ణి నేను. తప్పు నాది." వీరన్న చేతులు జోడించాడు. "ఈసారి సెప్తన్నాను. తరవాత మీరు నన్నేవన్నా అనండి. ముందిది యినండి."

ఎవరూ కదల్లేదు. మూడు పాళ్లు నింపిన సంచి ఒక్కటి చూపిస్తే గానీ వాళ్ల చేతులు ఒప్పుకోవని ఆయనకు తెలుసు. చుట్టూ ఖాళీ సంచి కోసం చూశాడు. దగ్గరలో ఉన్నవన్నీ నిండి మూతి బిగిసినవే. అప్పుడు నెత్తిమీద చెయ్యి వేసి నన్ను తీశాడు.

ఎనిమిదేళ్లు ఆయన నెత్తి తడవకుండా చూశాను. ఆరోజు ఆ తెల్లజుట్టు మీద వాన ధారలుగా పడుతుంటే చూడలేకపోయాను. ఆయన నా ముసుగు మూల బయటికి లాగి, నా మూతి తెరిచాడు. మంగతాయారు ఒక్క మాట కూడా అడక్కుండా పార అందుకుని ఇసుక పోసింది. మూడు పాళ్లు అయ్యేసరికి ఆయన "సాలమ్మా" అన్నాడు. నా మెడ ఖాళీగా వేలాడింది. నిజం చెప్పాలంటే సిగ్గేసింది. నా జన్మలో అంత వెలితిగా నలుగురిలో నిలబడలేదు. ఆయన నా మెడను మడిచి, నా బరువు కిందకే తోసి, తడినేల మీద అడ్డంగా పడుకోబెట్టాడు. తరవాత మడమ పెట్టి తొక్కాడు.

"కూకో. కూకోమ్మా."

కూర్చున్నాను. నాలో ఉన్న ఖాళీ ఎందుకో అప్పుడు తెలిసింది. ఇసుక ఇటూ అటూ సర్దుకుని నేలలోని గుంటల్లోకి, గోడ మూలలోకి, పక్కనున్న రాయి సందులోకి దిగింది. నా చుట్టూ వేలు దూరే జాగా లేదు. వీరన్న వంగి, నా అంచు పక్కన అరచెయ్యి పెట్టి చూపించాడు. అక్కడ నీరు రావడంలేదు.

మంగతాయారు అప్పటికే గొంతు విప్పింది. "అచ్చియ్యమ్మొదినా, మనోళ్లందరినీ పిలు! ఆ మూతులిప్పండి. పావొంతు తీసెయ్యండి!" నలభైమంది ఆడవాళ్లు పరిగెత్తుకొచ్చారు. కాలువల్లో పూడిక తీసిన చేతులు వాళ్లవి, నింపడం కంటే తీయడమే బాగా వచ్చు. పురికొసలు తెంపారు, ఇసుక ఒంపారు. ఒక ముసలి రైతు ఉండబట్టలేక, "వెలితి బస్తా అశుభమే అమ్మాయ్!" అన్నాడు.

"శుభమో అశుభమో గోదారినే అడుగు బాబాయ్, అదుగో గుమ్మంలోనే ఉంది!"

ఆ మాటకు ఆ ముసలాయనే ముందు వంగి తన బస్తా మూతి విప్పాడు. భాస్కర్రావు చొక్కా చేతులు మడిచి, దొర్లిన నిండు బస్తా ఒకటి లాగి, తనే ఇసుక కుమ్మరించి, వీరన్నకు అందించాడు. "సరిపోద్దా?" అని అడిగాడు. వీరన్న తూచినట్టు చేత్తో ఎత్తి చూసి, "ఇంకో రెండు దోసిళ్లు తియ్యండి" అన్నాడు. పెదకాపుగారి కొడుకు మరో రెండు దోసిళ్లు తీశాడు.

ఇటుకలు పేర్చినట్టు, కింది వరస సందు మీద పై వరస బస్తా వచ్చేలా పేర్చారు. ప్రతి బస్తానూ వీరన్న తొక్కాడు. కొంతసేపటికి అందరూ తొక్కుతున్నారు, అందరూ "కూకో, కూకో" అంటున్నారు. నా మీద ఒకటి, దాని మీద ఇంకోటి. అడుగు వరసలో ఉన్నాను గనక పైన ఏం జరుగుతోందో కనిపించలేదు. లోపలి నీళ్లు నా వీపుకు ఆని పెరగడం మాత్రం తెలిసింది. మంగతాయారుకు అనుమానం వచ్చింది.

"ఊట ఆగట్లేదుగా మావయ్యా, లోపల ఇంకా పెరుగుతోంది."

"పెరగాలమ్మా. గోదారికి అడ్డుపడ్డానికి మనమెంత? నీటికి నీరే అడ్డు. లోపల నీరు ఎత్తుకొచ్చి పైనుంచి నొక్కుద్ది. అది కూకోడానికి మనం సోటు ఇవ్వాలంతే. రంగు సూడు. తేటబడితే బతికినట్టే."

గోడ మంగతాయారు ఛాతీ ఎత్తుకు లేచింది. ఇక చేసేదేమీ లేక జనం చుట్టూ నిలబడ్డారు. మీ మనుషులకు చేతిలో పని లేకుండా నిలబడటం ఎంత కష్టమో అప్పుడు చూశాను. ఒకడు పార కడిగాడు, మళ్లీ కడిగాడు. వీరన్న గోడ అంచు పట్టుకుని నీళ్లలోకి చూస్తూనే ఉన్నాడు. బురదనీరు. మధ్యాహ్నం దాటింది. బురదనీరే. కానీ పెరగడం ఆగింది. కొంచెంసేపటికి ఎరుపు పోయి పాలిపోయింది. పొద్దు వాలబోయే వేళకు అచ్చియ్యమ్మ గోడ మీంచి వంగి చూసి, "నా గాజులు కనబడతన్నాయే నీళ్లల్లో!" అని కేకేసింది.

తేటపడింది. గట్టు మట్టి కొట్టుకురావడం ఆగిందన్నమాట. వీరన్న అక్కడే గోడకు ఆనుకుని, నా పక్కనే బురదలో కూలబడ్డాడు. ఏడ్చాడు. చిన్నపిల్లాడిలా, పైకి వినబడేలా ఏడ్చాడు. మంగతాయారు పక్కన కూర్చుని తన కొంగుతో ఆయన తల తుడిచింది. ఎవరూ నవ్వలేదు.

మరో రెండు రోజులు నది అలాగే నిలిచి, మూడో రోజు దిగడం మొదలుపెట్టింది. ఆ రెండు రోజులూ వీరన్న అక్కణ్ణుంచి కదల్లేదు. నాలుగో రోజు పొద్దున పశువుల ఆసుపత్రి కుళాయి దగ్గర, అంటే నాకు వినబడేంత దూరంలోనే, మంగతాయారు బిందె పెట్టింది. వెనకనుంచి అచ్చియ్యమ్మ వచ్చింది.

"ఏమ్మా, మీ వీరన్న నిద్దరపోయాడా?" అంది అచ్చియ్యమ్మ. "రెండ్రోజులు కన్ను మూయలేదు పాపం. లేపకు. మా పిల్లల్ని మన యీధిలో గోల సెయ్యొద్దని సెప్పాలే."

మంగతాయారు బిందె నిండి పొర్లిపోతున్నా చూసుకోలేదు.

పంచాయితీ ఆఫీసులో సన్మానం పెట్టారు. మైకులో భాస్కర్రావు, "వీరన్నగారు మన ఊరికి పెట్టని కోట" అన్నాడు. చప్పట్లు కొట్టారు. కోట అంటే కదలనిది, వంగనిది అని అనుకుంటారు మీరు. వంగి, సర్దుకుని, పక్కదానికి చోటిచ్చి నిలబడే కోట సంగతి ఆ మైకుకు తెలియకపోయినా ఫరవాలేదు, చప్పట్లు నాకూ కొన్ని చెందుతాయనుకుని పుచ్చుకున్నాను. శాలువా కప్పబోతే వీరన్న వెనక్కి జరిగాడట. "శాలువా ఎందుకు బాబూ, పొడి గోనెసంచి ఒకటి ఇప్పించండి. నెత్తి తడుత్తోంది" అన్నాడట. మర్నాటికి ఆ ఇంటి అరుగు మీద నలభై సంచులు పడ్డాయి. ఇంటికొకటి చొప్పున తెచ్చి పడేశారు. మంగతాయారు ఒకటి మామగారి కొక్కేనికి తగిలించి, మిగిలినవి మడతపెట్టి పంచాయితీ ఆఫీసు అటక మీద పెట్టించింది.

ఇప్పుడు ప్రతి ఏడూ మృగశిర కార్తె రాగానే ఆవిడ ఆ సంచులు దింపించి, గట్టు దిగువన ఇసుక పోయించి, ఊళ్లో ఆడామగా అందరి చేతా నింపడం నేర్పిస్తుంది. "మూడు పాళ్లు!" అని అరుస్తుంది. కొత్త అల్లుళ్లు ఎవరైనా దర్జాకు పోయి మెడ దాకా నింపితే ఊరంతా నవ్వుతుంది. ఇప్పుడు ఊరికి నవ్వడానికి అది దొరికింది.

గట్టు మీదకి ఇప్పుడు గేదెల్ని తోలడంలేదని చెబితే అబద్ధమవుతుంది. తోలుతూనే ఉన్నారు. కాకపోతే మట్టి తవ్వుకుపోవడం తగ్గింది. వీరన్న ఎదురైతే జనం పక్కకు తప్పుకుని దారిస్తున్నారు.

నన్ను ఎవరూ తియ్యలేదు. వరద తగ్గాక పై వరసలు తీసేశారు గానీ, అడుగు వరస మట్టిలో కూరుకుపోయింది, ఉండనిమ్మన్నాడు వీరన్న. ఆ ఏడు శీతాకాలానికి గట్టును మా దాకా వెడల్పు చేసి, మా మీద ఇంకో అడుగు మట్టి వేసి మెరక చేశారు. ఇప్పుడు నేను గట్టు కిందనే ఉన్నాను. నార మెత్తబడింది. పైడమ్మ వేసిన కుట్లు ఒక్కొక్కటే వదిలేస్తున్నాయి. నాలోంచి గరిక వేళ్లు దిగాయి, పొద్దున మంచు పడితే పైన పచ్చగా ఉందని ఆ వేళ్లే నాకు చెబుతాయి. వంకాయరంగు మాసిక మాత్రం ఇంకా చెక్కు చెదరలేదు. మంగతాయారు కుట్టుపని అలాంటిది. నాలోని ఇసుక ఎటూ పోదు. ఇన్నాళ్లూ సంచిలో సరుకు ఉండేది, ఇప్పుడు సంచీ సరుకూ ఒకటై గట్టయ్యాయి. గోగుచేలో మొలిచినదాన్ని మళ్లీ గడ్డిలో కలుస్తున్నాను. నాకు దిగులేమీ లేదు.

ప్రతి పొద్దునా కర్ర చప్పుడు వినిపిస్తుంది. ఇప్పుడు ఆ అడుగులు నెమ్మదించాయి, వెనకాల ఇంకో జత అడుగులు కూడా ఉంటున్నాయి, మంగతాయారువి. ఆవిడ చేతిలోనూ ఒక కర్ర. పశువుల ఆసుపత్రి వెనక గోడ దగ్గరికి రాగానే వీరన్న ఆగుతాడు. కిందకి దిగి, నేనున్న చోట మడమ పెట్టి మెల్లగా తొక్కుతాడు.

"కూకున్నావా?" అని అడుగుతాడు.

కూర్చున్నాను, వీరన్నా. లేచే పని లేదు.